విదేశీ యూనివర్సిటీకి దారి ఏనుమాముల మీదుగానే

ఉత్తర తెలంగాణలో కాలేజీలు, యూనివర్సిటీలు విదేశీ విద్యాసంస్థలతో చేసుకుంటున్న ఒప్పందాలకు కొదవ లేదు. సంతకాలవుతాయి, పేపర్లో ఫొటో వస్తుంది, ఐదేళ్ల గడువు రాసుకుంటారు. గడువు తీరాక లెక్క తీస్తే రెండు మూడు ఆన్‌లైన్ ఉపన్యాసాలు, ఒక వర్క్‌షాపు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందానికి చూపించిన ఫైలులో ఒక కాగితం మిగులుతాయి. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. ఆ ఒప్పందంలో డబ్బు లేదు, పని చేసే మనిషి లేడు, తేల్చాల్సిన ప్రశ్న లేదు. ఈ మూడూ లేనప్పుడు రెండు వైపులా ఎంత సమర్థులున్నా పని ముందుకు సాగదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చదువు, పరిశోధన, వ్యాపారం సరిహద్దు దాటి కలవాలంటే ముందు అవి మన ఊళ్లో కలవాలి. మన మిల్లుకో, కోల్డ్ స్టోరేజీకో, రైతు ఉత్పత్తిదారుల కంపెనీకో నిజంగా నష్టం తెస్తున్న సమస్య ఒకటి చేతిలో పెట్టుకోకుండా జర్మనీకో జపాన్‌కో రాసే ఉత్తరానికి బలం ఉండదు. ప్రయోగశాలలు వాళ్లకు ఉన్నాయి. మన సరుకు, మన ఎండ, మన తేమ, మన చీడపీడలు, మన మార్కెట్ వాళ్ల దగ్గర లేవు. భాగస్వామ్యంలో మనం పెట్టగల పెట్టుబడి అదే. దాన్ని పక్కనబెట్టి అవతలివాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని తక్కువ స్థాయిలో చూపించబోతే ఎవరు మాత్రం ఎందుకు కలిసొస్తారు?

వరంగల్‌ను చూడండి. మొట్టమొదటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా 1959లో మొదలైన ఎన్‌ఐటీ ఇక్కడే ఉంది. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా ఆ ఏడాదిదే. 1976లో వచ్చిన కాకతీయ యూనివర్సిటీ ఉంది. వరంగల్ సన్నాలు, వరంగల్ సాంబ, సిద్ధి లాంటి వరి రకాలు ఇచ్చిన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. పొరుగున జగిత్యాల పొలాసలో ఇంకొకటి ఉంది. వ్యాపారం వైపు ఏనుమాముల వ్యవసాయ మార్కెట్, మడికొండ ఐటీ కంపెనీలు, గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ ఉన్నాయి. పొద్దున బయల్దేరితే సాయంత్రంలోగా ఆటోలో అన్నీ చుట్టి రావచ్చు. కానీ ఏనుమాముల ఖరీదుదారుకు ఎన్‌ఐటీ కెమిస్ట్రీ లేబొరేటరీలో ఏముందో తెలియదు. కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థికి ఎండుమిర్చి నుంచి రంగు ఎట్లా తీస్తారో, ఆ రంగు ఎక్కడికి ఎగుమతవుతుందో తెలియదు.

సరిహద్దు దాటిన సాయం మన దగ్గర ఫలించిన దాఖలాలు లేకపోలేదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డప్పుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ దానికి తోడు నిలిచింది. అక్కడి అధ్యాపకులు ఇక్కడికొచ్చి పనిచేశారు, ఇక్కడివాళ్లు అక్కడికెళ్లి చదివొచ్చారు. బోధన, పరిశోధన, విస్తరణ (అంటే పరిశోధన ఫలితాలను రైతుకు చేర్చడం) ఒకే సంస్థలో ఉండాలన్న పద్ధతి అట్లా వేళ్లూనుకుంది. మన కాలంలో ఐఐటీ హైదరాబాద్‌కు జపాన్ తోడు దొరికింది. జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా నిధులతో కంది క్యాంపస్‌లో భవనాలు లేచాయి, ఇక్కడి పిల్లలు జపాన్ యూనివర్సిటీల్లో పై చదువులకు వెళ్లారు. రెండింట్లోనూ మనుషులు ఏళ్ల తరబడి అటూ ఇటూ తిరిగారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం కథలో మాత్రం ఒక లోటు ఉండిపోయిందని నా అభిప్రాయం. విస్తరణ రైతు దాకా వెళ్లింది గానీ, రైతు దగ్గర కొనేవాడి దాకా వెళ్లలేదు. ఇప్పుడు మనం పూడ్చాల్సిన లోటు అదే.

ఇది ఎట్లా చేయవచ్చో మిర్చి మీద పెట్టి చూద్దాం. మాటల్లో చెప్పుకుంటే అన్నీ సులువుగానే కనిపిస్తాయి, సరుకు ముందు పెట్టుకుంటేనే చిక్కులు బయటపడతాయి.

ఏనుమాములకు జనవరి మొదలు వేసవి దాకా తేజ, వండర్‌హాట్, 341, చపాటా మిర్చి రకాలు వస్తూనే ఉంటాయి. చెట్టు మీద పండి కోసిన కాయలో మూడింట రెండు వంతులకు పైగా నీరే. దాన్ని కల్లంలో ఆరబోసి 10–11 శాతం తేమకు దించాలి. అంతకన్నా ఆరితే కాయ విరుగుతుంది, గింజ రాలుతుంది, కాంటా మీద బరువు తగ్గుతుంది. అందుకని బస్తా తొక్కే ముందు నీళ్లు చిలకరించే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు కావాల్సింది ఆ తడే. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం, మామూలు వంట వేడికి పోదు. ఎండుమిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అఫ్లటాక్సిన్లన్నీ కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన.

మార్కెట్లో ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. రంగు చూస్తాడు, ఒక కాయను వేళ్ల మధ్య విరిచి చప్పుడు వింటాడు, వాసన చూస్తాడు, తొడిమ ఎట్లుందో, తాలు ఎంతుందో అంచనా వేసి ధర పలుకుతాడు. తేమ విషయంలో అతని చెయ్యి చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. అఫ్లటాక్సిన్ మాత్రం ఏ చేతికీ దొరకదు. అది బస్తా అంతటా సమానంగా పరుచుకొని ఉండదు, కొన్ని కాయల్లోనే కూడుకొని ఉంటుంది. లెక్క వేసి చూడండి. ఒక గ్రాము బరువున్న కాయలో కిలోకు 10,000 మైక్రోగ్రాముల సాంద్రతలో విషం ఉందనుకుందాం. అంటే ఆ ఒక్క కాయలో ఉన్నది 10 మైక్రోగ్రాములు. మిగతా కాయలన్నీ శుభ్రమైనవే అయినా, కిలో మచ్చులో అది పడితే చాలు, మచ్చు మొత్తం యూరప్ హద్దు అంచుకు చేరుతుంది. అది పడని మచ్చులో సున్నా వస్తుంది. ఒకే లారీ సరుకుకు ఇక్కడ ‘బాగుంది’ అని, రేవులో ‘పనికిరాదు’ అని రిపోర్టులు రావడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. మచ్చు తీసిన తీరులో తేడా అంతే. గుప్పెడు కాయ తీసి విషాన్ని కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఎంత ఖరీదైనది తెచ్చి అందులో పెట్టినా లాభం లేదు. లారీలో పదుల చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి, అంతా కలిపి, మొత్తాన్ని పొడి కొట్టి, ఆ పొడిలోంచి పరీక్షకు తీయాలి. మన ప్రాజెక్టు ప్రతిపాదనలు చాలావాటిలో యంత్రం కొనడానికి లక్షలు రాస్తారు, మచ్చు తీసే మనిషికి, గ్రైండరుకు, సంచులకు ఏమీ రాయరు.

ఇక ప్రశ్న ఎట్లా ఉండాలి? ‘మిర్చి నాణ్యత పెంపునకు వినూత్న సాంకేతిక పరిష్కారాలు’ అంటే అది ప్రశ్న కాదు, దాన్ని ఏ దేశంలో ఎవరికి పంపినా మర్యాదకు జవాబిస్తారు. ఇట్లా రాయాలి: ‘ఒకే చేనులోని తేజ కాయను సగం కల్లంలో టార్పాలిన్ మీద, సగం సోలార్ టన్నెల్ డ్రయ్యరులో ఆరబెట్టి, రెండింటినీ 6 నెలలు కోల్డ్ స్టోరేజీలో ఉంచితే అఫ్లటాక్సిన్‌లో, రంగులో ఎంత తేడా వస్తుంది? ఆ తేడాకు కొనేవాడు క్వింటాలుకు ఎంత ఎక్కువ ఇస్తాడు?’ ఇందులో మొదటి సగం ప్రయోగశాల తేలుస్తుంది. రెండో సగం కంపెనీ తప్ప ఎవరూ తేల్చలేరు. డ్రయ్యరుకు పెట్టిన ఖర్చు ఎన్ని సీజన్లలో తిరిగొస్తుందో తెలియకపోతే రైతు దాన్ని ఎందుకు కొంటాడు?

ఈ ప్రశ్న పట్టుకుంటే విదేశీ భాగస్వామి ఎవరో కూడా దానంతట అదే తేలుతుంది. సోలార్ టన్నెల్ డ్రయ్యరు మీద లోతుగా పనిచేసిన సంస్థల్లో జర్మనీలోని హోహెన్‌హైమ్ యూనివర్సిటీ ముందుంటుంది. సుమారు 18–20 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పున్న ఆ నమూనా అక్కడే రూపుదిద్దుకుంది. సగం పొడవు గాలిని వేడెక్కిస్తుంది, మిగతా సగంలో సరుకు పరుస్తారు, చిన్న సోలార్ పలకతో ఫ్యాన్లు తిరుగుతాయి. ఎండ ఎక్కువైతే ఫ్యాన్ వేగం దానంతట అదే పెరుగుతుంది కాబట్టి సరుకు మాడదు. చాలా ఉష్ణదేశాలకు ఇది వెళ్లింది. మన కల్లంలో ఏం తప్పుతుందంటే, రైతు ఒక్క కోతలో తెచ్చే కాయ డ్రయ్యరులో పట్టదు. మందంగా పరిస్తే పైది ఆరుతుంది, కింద తడి ఉండిపోతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. అందువల్ల ప్రశ్నలో ‘ఎన్ని కిలోలు, ఎంత మందం’ అన్నది కూడా ఉండాలి.

రంగు సంగతి ఇంకా ఆసక్తికరం. వరంగల్ చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, చూడ్డానికి టమాటాలా లావుగా ఉంటుంది. దాని విలువంతా రంగులోనే. ఆ రంగును ఆస్టా (అమెరికా సుగంధ ద్రవ్యాల వ్యాపార సంఘం) యూనిట్లలో కొలుస్తారు. పద్ధతి కష్టమైందేమీ కాదు. సుమారు 100 మిల్లీగ్రాముల మెత్తని పొడిని 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో వేసి, మూత బిగించి, 16 గంటలు చీకట్లో ఉంచి, 460 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటరులో చదవాలి. ఎంఎస్సీ కెమిస్ట్రీ ఉన్న డిగ్రీ కాలేజీల్లో ఈ యంత్రం మామూలుగా ఉండేదే. అంటే నర్సంపేట రైతు కంపెనీ తన సరుకు రంగు నెల నెలా ఎంత తగ్గుతుందో ఊరు దాటకుండానే కొలిపించుకోవచ్చు. అట్లా రెండు సీజన్ల అంకెలు చేతిలో ఉన్న రైతు కంపెనీ, మిర్చి నుంచి తీసిన రంగును ఈ160సీ పేరుతో ఆహారంలో వాడే యూరప్ కొనుగోలుదారుతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. మహబూబాబాద్ దగ్గర మల్యాలలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, చపాటా గురించి అక్కడ తెలిసినంత విదేశాల్లో ఎక్కడా తెలియదు. ఈ పని వాళ్లను మధ్యలో పెట్టుకొని చేయాలి.

మూడు పక్కలూ కలిసి పనిచేస్తే ఏమవుతుందో చూడాలంటే అఫ్లటాక్సిన్‌ను చేనులోనే అడ్డుకునే ఆఫ్రికాలోని అఫ్లాసేఫ్‌ను చూడాలి. నైజీరియా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి దీన్ని తెచ్చాయి. ఆస్పర్‌జిల్లస్ బూజుల్లో విషం తయారుచేయని తెగలు కూడా ఉంటాయి. ఆ దేశపు నేలల్లోంచే అలాంటి తెగలను నాలుగింటిని ఏరి, వేయించిన జొన్నగింజలకు పట్టించి, పూతకు రెండు మూడు వారాల ముందు హెక్టారుకు 10 కిలోల చొప్పున మొక్కజొన్న, వేరుశెనగ చేలలో చల్లుతారు. మంచి బూజు ముందుగా చోటు ఆక్రమిస్తే చెడు బూజుకు చోటుండదు. తయారీ, అమ్మకం లైసెన్సు తీసుకున్న కంపెనీలు చేస్తాయి. పరిశోధన ఒక దేశానిది, నేల ఇంకో దేశానిది, వ్యాపారం స్థానికులది. కరీంనగర్, నిజామాబాద్ మొక్కజొన్న మీద ఇలాంటి ఆలోచన చేయడానికి మనకు అడ్డం ఏముంది? ఒక దేశపు తెగలు ఇంకో దేశంలో చల్లడానికి వీల్లేదు కాబట్టి మన నేలల్లోంచి ఏరే పని మన విద్యార్థులదే అవుతుంది.

చీడల సంగతీ ఇంతే. 2021–22లో మన మిర్చి చేలను ఊడ్చేసిన నల్ల తామరపురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. రైతులు చేతికందిన మందులన్నీ కొట్టారు. పూత నిలవలేదు సరికదా, కాయలో మందు అవశేషాల బెడద మిగిలింది. యూరప్‌లో ప్రత్యేకంగా హద్దు పెట్టని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. ఇండోనేషియా, థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలకు ఆ పురుగు మనకన్నా ముందు నుంచి తెలుసు. సరిహద్దు భాగస్వామ్యమంటే ఎప్పుడూ పడమటి వైపే చూడనక్కర్లేదు.

ఇప్పుడు క్యాలెండర్ దగ్గరికొద్దాం. నా లెక్కలో ప్రాజెక్టులు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. మిర్చికి నారు వానాకాలంలో పోస్తారు, ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు, కోతలు డిసెంబరు, జనవరి నుంచి. నిధులు మార్చిలో మంజూరైతే, ఆ తర్వాత రిసెర్చ్ ఫెలో కోసం ప్రకటన, ఇంటర్వ్యూ, చేరిక అయ్యేసరికి వేసవి అయిపోతుంది. సరుకు మొత్తం కోల్డ్ స్టోరేజీలకు, మిల్లులకు పోయి ఉంటుంది. మూడేళ్ల ప్రాజెక్టులో ఒక సీజన్ అక్కడే పోయింది. జర్మనీలో శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరులో మొదలై మార్చి దాకా ఉంటుంది. మన కోతల కాలంలో అక్కడి ప్రొఫెసరు క్లాసుల్లో తీరిక లేకుండా ఉంటాడు. మన వాళ్లకు పరీక్షలు, మూల్యాంకనం ఏప్రిల్, మేలలో పడతాయి. అందుకని ఒప్పందంలో సీజన్ పట్టిక ఒక పేజీ జతచేయాలి. ఏ నెలలో మచ్చు ఎవరు తీస్తారు, ఎక్కడ ఆరుతుంది, ఎప్పుడు ఏ లేబొరేటరీకి చేరుతుంది, అఫ్లటాక్సిన్ పరీక్షకు కావాల్సిన ఇమ్యునోఅఫినిటీ కాలమ్‌లు (పొడిలోంచి విషాన్ని వేరుచేసే గొట్టాలు), ప్రామాణిక నమూనాలు ఎప్పుడు ఆర్డరివ్వాలి. ఇవి బయటినుంచి తెప్పించాల్సినవి, వారాలు పడుతుంది, గడువు తేదీలుంటాయి, చల్లగా దాచాలి. జనవరిలో కావాలంటే సెప్టెంబరులోనే కదలాలి.

మనిషి గురించి. రెండు దేశాల మధ్య, లేబొరేటరీకీ మార్కెట్‌కూ మధ్య తిరిగే మనిషి ఒకడుండాలి, పూర్తికాలం ఇదే పనిగా ఉండాలి. ఇప్పుడున్న రేటు ప్రకారం జూనియర్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్‌కు 42,000 రూపాయలు. రెండేళ్లు జూనియర్‌గా, ఒక ఏడాది సీనియర్‌గా లెక్కేస్తే ఇంటద్దె భత్యం కాకుండా 13 లక్షల 92 వేలు. ఒక మంచి యంత్రం ధర కన్నా తక్కువే. ఏదో ఒకటి మానుకోవాల్సి వస్తే యంత్రం మానుకోండి, మనిషిని మానుకోవద్దు. ఆ పీహెచ్‌డీ విద్యార్థికి ఇక్కడ ఒక గైడు, అక్కడ ఒక గైడు, కంపెనీలో ఒక బాధ్యుడు ఉండాలి. ముగ్గురూ ఎవరి పని ఏమిటో మొదటి నెలలోనే రాసుకోకపోతే నలిగిపోయేది విద్యార్థే. కంపెనీకి త్వరగా జవాబు కావాలి, గైడుకు పేపరు కావాలి, అవతలి గైడుకు తన ప్రాజెక్టు రిపోర్టు కావాలి. థీసిస్‌లో ఏ అధ్యాయం ఎవరి ప్రశ్నకు జవాబో ముందే పంచుకోవాలి.

డిగ్రీల స్థాయిలో యూజీసీ 2022 నిబంధనలు దారి తెరిచాయి. ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీలు మూడూ సాధ్యమే. ఇక్కడి సంస్థకు నాక్‌లో 3.01 స్కోరో, జాతీయ ర్యాంకుల పట్టిక ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో యూనివర్సిటీల విభాగంలో మొదటి 100లో చోటో ఉండాలి, విదేశీ సంస్థ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 1000లో ఉండాలి. ఫీజుల కోసం వాడుకుంటే ఇది మరో వ్యాపారం అవుతుంది. ఒక సెమిస్టర్ ఏనుమాములలోనో సిరిసిల్ల మరమగ్గాల దగ్గరో, ఒక సెమిస్టర్ అవతలి దేశంలో చేసేలా క్రెడిట్లు రాస్తేనే చదువుకు అర్థం.

డబ్బు ఎక్కడుంది? ఇండో–జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్ 2010 నుంచి ‘2+2’ పద్ధతి నడుపుతోంది. ప్రతి దేశం నుంచి ఒక విద్యా లేదా పరిశోధన సంస్థ, ఒక పరిశ్రమ కచ్చితంగా ఉండాలి. పరిశ్రమ తన వాటా తాను పెట్టుకోవాలి. నాకు తెలిసిన పద్ధతుల్లో ఇది అన్నింటికన్నా సరైనదిగా తోస్తుంది, ఎందుకంటే పరిశ్రమ లేకుండా దరఖాస్తే పెట్టలేరు. ఫ్రాన్స్‌తో ఉమ్మడి పరిశోధనకు 1987 నుంచి సెఫిప్రా అనే కేంద్రం ఉంది, ఇజ్రాయెల్‌తో 2017లో పెట్టిన పారిశ్రామిక పరిశోధన నిధి ఉంది, విద్యాసంస్థల మధ్య రాకపోకలకు 2018 నాటి కేంద్ర పథకం స్పార్క్ ఉంది. యూరప్ పరిశోధన నిధుల కార్యక్రమం హొరైజన్‌లో భారత సంస్థలు చేరవచ్చు గానీ డబ్బు దానంతట అదే రాదు, చాలావాటిలో మన ఖర్చు మనమే చూసుకోవాలి. ఈ సంగతి తెలియక కూటమిలో పేరు రాయించుకొని, తర్వాత ప్రయాణ ఖర్చుకు కూడా దిక్కులేక ఆగిపోయే ప్రమాదం ఉంది.

చిక్కేమిటంటే మన దగ్గర పరిశ్రమ చిన్నది. కారం మిల్లు యజమాని లక్షల్లో నగదు వాటా పెట్టలేడు, పెట్టినా నిధులు విడతలుగా, ఖర్చు పెట్టాక, ఖర్చు వినియోగ పత్రాలు (యూసీలు) సమర్పించాక వస్తాయి. అంతకాలం తన సీజన్ పెట్టుబడి అందులో ఇరుక్కుంటే అతను రెండో ఏడాది రాడు. దీనికి విరుగుడు మూడు నాలుగు మిల్లులు, ఒక కోల్డ్ స్టోరేజీ, ఒక రైతు కంపెనీ కలిసి వాటా పెట్టడం. వాటాలో వీలైనంత వస్తురూపంలో చూపించాలి. కోల్డ్ స్టోరేజీలో గది, పరీక్షకు సరుకు, గుమాస్తా సమయం, ఇవన్నీ డబ్బే. అయితే ఏ నిబంధన కింద ఎంత వస్తురూపంలో చూపించవచ్చో దరఖాస్తుకు ముందే అడిగి రాతలో తెచ్చుకోవాలి.

చట్టాల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి ప్రాజెక్టులు అర్ధాంతరంగా ఆగేది ఇక్కడ.

మొదటిది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడి కాగ్ ఆడిట్ కిందికి వచ్చే సంస్థలకు మినహాయింపు ఉంది. ట్రస్టు, సొసైటీ కింద నడిచే ప్రైవేటు కాలేజీకి లేదు. ఆ కాలేజీ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో తెచ్చుకోవాలి, డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒకరికి వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు. కాలేజీ పేరున మొత్తం గ్రాంటు తెచ్చుకొని, అందులో రైతు కంపెనీకి వాటా ఇద్దామంటే చట్టం ఒప్పుకోదు. ఎవరి వాటా వారికి నేరుగా వచ్చేలా ఒప్పందం మొదటిరోజే రాయాలి. మామూలు వ్యాపారంలో భాగంగా చేసిన సేవకు తీసుకునే రుసుము విరాళం కిందికి రాదు, ఆ తేడా చార్టర్డ్ అకౌంటెంట్‌తో ముందే తేల్చుకోవాలి.

రెండోది జీవవైవిధ్య చట్టం, 2002. మిర్చిని సరుకుగా ఎగుమతి చేయడం వేరు, మిర్చి గింజనో నేలలోంచి తీసిన బూజు తెగనో పరిశోధన కోసం విదేశీ సంస్థకు ఇవ్వడం వేరు. రెండోదానికి చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన ఉమ్మడి పరిశోధనకు సెక్షన్ 5 కింద సడలింపు ఉంది, కానీ ఆ ఆమోదం ముందే తెచ్చుకోవాలి. విద్యార్థి విమానం ఎక్కుతూ సంచిలో గింజల పొట్లం పెట్టుకెళ్లడం మంచి మనసుతో చేసినా చట్ట ఉల్లంఘనే. జీఐ ఉన్న చపాటా విషయంలో ఇది మరీ ముఖ్యం.

మూడోది పేటెంట్. భారత్‌లో ఉండేవారు విదేశంలో పేటెంట్ దరఖాస్తు పెట్టాలంటే సెక్షన్ 39 ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఆగాలి. ఉమ్మడి యాజమాన్యం ఇంకా చిక్కు. మన సెక్షన్ 50 ప్రకారం సహయజమాని ఎవరైనా ఆ ఆవిష్కరణను తాను వాడుకోవచ్చు, మరొకరికి లైసెన్సు ఇవ్వాలంటే మాత్రం మిగతావాళ్ల సమ్మతి కావాలి. అమెరికాలో సహయజమాని ఎవరినీ అడగకుండా లైసెన్సు ఇచ్చేయవచ్చు. ‘పేటెంట్ ఇద్దరిదీ సగం సగం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే, ఇక్కడ మన మిల్లుకు లైసెన్సు ఇవ్వడానికి అవతలివాళ్ల సంతకం కోసం ఎదురుచూడాల్సి వస్తుంది, అక్కడ వాళ్లు మనకు చెప్పకుండా ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఏ దేశంలో ఎవరికి లైసెన్సు హక్కు, రాబడి ఎట్లా పంచుకోవాలి, రైతు కంపెనీకి ఏం దక్కుతుంది అన్నవి పేరుపేరునా రాయాలి.

దీనికి తోడు థీసిస్. యూరప్‌లో పేటెంట్ దరఖాస్తుకు ముందు విషయం బయటపడితే కొత్తదనం పోయినట్టే. మన పీహెచ్‌డీ థీసిస్‌లు అందరూ చూడగల శోధ్‌గంగ వెబ్‌సైటులో ఎక్కుతాయి, వైవాకు ఎవరైనా రావచ్చు. కాన్ఫరెన్సులో పోస్టరు పెట్టినా అంతే. అందుకని విద్యార్థి ఏది ప్రచురించినా ముందు 30 రోజులు భాగస్వాములు చూసే గడువు, అవసరమైతే థీసిస్‌ను కొంతకాలం తెరవకుండా ఉంచే నిబంధన ఒప్పందంలో ఉండాలి. కానీ ఆ గడువుకు హద్దు ఉండాలి. కంపెనీ అభ్యంతరంతో డిగ్రీ ఏళ్ల తరబడి ఆగితే ఆ అన్యాయానికి ఏ లాభమూ సాటిరాదు.

టెక్స్‌టైల్ పార్క్ గురించి క్లుప్తంగానే చెబుతాను. కొరియా కంపెనీ యంగ్‌వన్ మన గీసుగొండ దగ్గరికే వచ్చింది. వాడేసిన ప్లాస్టిక్ సీసాలను మళ్లీ ముడిసరుకుగా మార్చే గణేశా ఎకోపెట్ వచ్చింది. మనం పాస్‌పోర్టు తీయకుండానే సరిహద్దు మన గడప దాకా వచ్చిందన్నమాట. ఉద్యోగాల లెక్క అడగడం న్యాయమే, దానితో పాటు పరిశోధన లెక్క కూడా అడగాలి. అద్దకపు నీటిలో ఉప్పు, రంగు తీయడం, రీసైకిల్ పాలిస్టర్ నూలు తెగిపోవడం, ఇట్లాంటి సమస్యలపై ఎంటెక్ విద్యార్థులకు ఆరునెలల ప్రాజెక్టులు ఇవ్వాలని, కొరియా ప్రధాన కార్యాలయంలోని పరిశోధన విభాగం వాటికి తోడుండాలని స్థానిక కాలేజీలు కలిసి అడగాలి. విడివిడిగా అడిగితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు మాత్రమే దొరుకుతాయి.

ఇంత కంపెనీ కోసం పనిచేస్తే మౌలిక పరిశోధన ఏమైపోవాలని కొందరు ప్రొఫెసర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బూజు తెగలు ఒకదాన్నొకటి ఎట్లా గెంటేస్తాయన్నది స్వచ్ఛమైన జీవశాస్త్రం, అది తేలకుండా అఫ్లాసేఫ్ పుట్టేది కాదు. ప్రశ్న మార్కెట్ నుంచి వచ్చినంత మాత్రాన జవాబు లోతు తగ్గదు. లాభమంతా విదేశానికే పోతుందన్న భయం ఇంకొకటి. ఒప్పందం రాసుకోని చోట ఆ భయం నిజమవుతుంది. అందుకే పై మూడు చట్టాల దగ్గర అంతసేపు ఆగాను.

ఈ వానాకాలం నారు పోసేలోగా ఏ కాలేజీ అయినా మొదలుపెట్టాలనుకుంటే చేయాల్సింది ఇది. ఏనుమాములలో ఇద్దరు ఖరీదుదారులతో, ఒక కోల్డ్ స్టోరేజీ యజమానితో, ఒక రైతు కంపెనీ బోర్డుతో కూర్చొని, పోయిన సీజన్‌లో సరుకు ఎక్కడ తిరస్కరణకు గురైందో, ఎందుకో, ఎంత నష్టమో రాసుకోవాలి. అందులోంచి ఒకే ఒక్క ప్రశ్న ఏరాలి. ఆ ప్రశ్న కింద కంపెనీ తన వాటా అంకె రాసి సంతకం పెట్టాలి. డిసెంబరు కోతల నుంచి ఈ పనికే పెట్టుకున్న విద్యార్థి ఒకరు రంగు, తేమ కొలతలు మొదలుపెట్టాలి. వాటికి విదేశీ నిధులేవీ అక్కర్లేదు. వేసవిలో అవతలి యూనివర్సిటీకి వెళ్లే మొదటి ఉత్తరంలో ఆ ప్రశ్న, ఆ సంతకం, ఆ సీజన్ కొలతల పట్టిక, మన వైపు పూర్తికాలం పనిచేసే విద్యార్థి పేరు ఉండాలి.